వెలుతురు కాపురమున్న చోటు

సముద్రం రోజుకు రెండుసార్లు లోపలికొచ్చి, రెల్లు మొదళ్లు తడిపి, మళ్లీ వెనక్కి మళ్లే నేల అది. ఇంగ్లండు తూర్పు అంచున, సఫోక్ సీమలో, బ్లైత్ అనే చిన్న యేరు కడలిని చేరబోయే ముందు నడుము సడలించి వెడల్పుగా పరుచుకుంటుంది. పోటు వేళ అది నిండు చెరువు. ఆటు వేళ బూడిదవన్నె బురద, దాని మీద పొడుగుకాళ్ల పిట్టల అడుగుజాడలు. కనుచూపు మేరలో కొండ లేదు, చెప్పుకోదగ్గ గుట్ట లేదు, పెత్తనమంతా ఆకాశానిదే. ఆ ఆకాశానికీ ఆ బురదకీ నడుమ పొడుగ్గా, లేతగా, ఎవరి ఆసరా అక్కర్లేని ధీమాతో ఒక కట్టడం నిలబడి ఉంటుంది. పక్కన ఊరొకటి ఉందన్న సంగతి తరువాత గాని తోచదు. బ్లైత్‌బరో హోలీ ట్రినిటీ చర్చి అది. ‘చిత్తడినేలల కెథడ్రల్’ అని ముద్దుపేరు. బిషప్పు పీఠం దానికి ఏనాడూ లేదు. ఉత్త ఊరి చర్చి. ఆ ఊళ్లో ఇవాళ ఉండేది కొన్ని వందల మంది. అంతమందికి ఇంత చర్చా!

లోపలికి పరుగెత్తకండి. ముందు దక్షిణం వైపు నిలబడి ఆ గోడను తల నుంచి పాదం దాకా చూడండి. సఫోక్‌లో కట్టుబడికి నికరమైన రాయి లేదు. నేల ఇచ్చేది చెకుముకిరాయి ఒక్కటే. పైకి మొరటు ముద్ద. పగలగొడితే లోపల నల్లని గాజు నిగ్గు. దూరాల నుంచి పడవల మీద తెప్పించిన లేతరంగు రాతిని అంచులుగా తీర్చి, నడుమ ఈ నల్లని నిగ్గును పొదిగారు ఆ పనివాళ్లు. వాన కురిసి వెలిసిన వేళ చూడాలి దాన్ని! తడిసిన ప్రతి పలుకూ తన వంతు ఆకాశపు తునకను పట్టుకుని మెరుస్తుంది; గోడ తన బరువే మరచిపోతుంది. ఆ పైన రాతిని జాలీగా కోసిన పిట్టగోడ. ఇంకా పైన, కాస్త వెనక్కి తగ్గి, పై వరస కిటికీలు. ఒక్కొక్క పక్కన 18. వాటి మధ్య గోడ ఉందా అంటే, ఉండక తప్పదు గనక ఉంది. రాతి కట్టడమై ఉండీ రాతిని ఇంతగా కాదనుకోవడం చూస్తే ముందు నవ్వొస్తుంది, వెంటనే ఒళ్లు జలదరిస్తుంది. ఆ వరసకు ఒక నడక ఉంది. తాళం తప్పని నడక, తొందర ఎరగని నడక, పడమటి గోపురం దగ్గర ఎత్తుకుని తూర్పు గోడ దాకా ఎక్కడా ఊపిరి తీసుకోని నడక!

గోపురం మాత్రం ఆ పాటలో గొంతు కలపదు. అది అంతకు ముందటిది, 14వ శతాబ్దపు మోటు మనిషి. మిగతా చర్చినంతా కొత్తగా ఎత్తినవాళ్లు దాన్ని అలాగే వదిలేశారు. నాకు అదీ ఇష్టమే. అంత సుకుమారం పక్కన అంత ముభావం ఉండాలి.

ఇంత పని ఇక్కడెందుకు జరిగిందో చెప్పడానికి చరిత్ర కొంత కావాలి, కొంచెమే. 654 ప్రాంతంలో, ఇక్కడికి దగ్గర్లో బల్కంప్ అనే చోట, తూర్పు ఆంగ్లుల రాజు అన్నా మెర్సియా రాజు పెండాతో పోరాడి నేలకొరిగాడు. ఆయన దేహాన్ని ఇక్కడే పాతిపెట్టారని పాత నమ్మకం. ఆ తరువాత శతాబ్దాల్లో అగస్టీనియన్ మఠం వెలిసింది, రేవు వచ్చింది, సంత వచ్చింది. ఉన్నిబట్టా హెర్రింగు చేపా సఫోక్ సీమ ఇళ్లలో డబ్బు నింపిన రోజులవి. 1412లో నాలుగో హెన్రీ రాజు చర్చిని తిరిగి కట్టుకొమ్మని ఆ మఠం వారికి అనుమతి ఇచ్చాడు. ఆ శతాబ్దమంతా పని సాగింది. కన్నుమూయబోతూ వర్తకులు వీలునామాల్లో ఇంత అని రాసిపోయారు. వాళ్లకు కావలసింది తమ ఆత్మల కోసం నాలుగు ప్రార్థనలు. 1478లో పోయిన జాన్ హాప్టన్ అనే భూస్వామి నల్లరాతి సమాధి వేదిక పక్కన ఇప్పటికీ ఉంది. దాని మీద పొదిగిన ఇత్తడి రూపాలను ఎవరో ఎప్పుడో ఊడబెరుక్కుపోయారు. రాతిలో వాటి గుంటలు మిగిలాయి. తూర్పు గోడకు, పెద్ద కిటికీ కింద, చెకుముకిలో పొదిగిన అక్షరాలు వరసగా ఉన్నాయి. పరిశుద్ధ త్రిత్వం పేరిట ఈ చర్చిని మళ్లీ కట్టామని చెప్పే లాటిన్ మాటల తొలి అక్షరాలవి అని పండితుల అన్వయం. చాలు. చరిత్ర కోసం ఇంత దూరం రాలేదు మనం.

ఇప్పుడు రండి. దక్షిణపు వసారా దాటి, ఆ బరువైన తలుపు తోయండి.

వెలుతురు!

చర్చి అనగానే మన మనసు ముందే కొంత చీకటిని సిద్ధం చేసి పెట్టుకుంటుంది. ఎర్రని గాజులు, నీలి గాజులు, కొవ్వొత్తి పొగ, ఏ మూలో ఆర్గను గొణుగుడు. ఇక్కడ అవేవీ ఎదురు రావు. కిటికీల్లో గాజు చాలావరకు వర్ణం లేనిది. పై కొసల రాతి అల్లికలో మాత్రం పాత రంగు గాజు పెంకులు కొన్ని చిక్కుకుని ఉన్నాయి. గోడలు సున్నపు తెలుపు. నేల పాత ఇటుక, అరిగిన బండ, అక్కడక్కడ సమాధి పలక. బల్లలు శతాబ్దాల చేతులు తగిలి నల్లబడ్డ ఓక్ కలప. జనం కూర్చునే చావడినీ పూజ జరిగే తావునూ విడదీసే తోరణం లేదు. ఈ కొసన నిలబడితే ఆ కొస దాకా ఒకటే విస్తారం, ఒకటే కప్పు, ఒకటే నిశ్శబ్దం. ఆ విస్తారాన్నంతా నింపి, నింపానన్న జాడ కూడా తెలియనివ్వకుండా కూర్చుంది వెలుతురు. పొద్దున అది పలచని పాలవన్నె. నడిమధ్యాహ్నం అది నిశితం, ఇటుక రాపుళ్లను సైతం ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. మబ్బు కమ్మిన రోజున వెండి బూడిద. ఇంగ్లండులో మబ్బు కమ్మని రోజు అరుదు గనక ఆ వెండి బూడిదే దీని అసలు రంగని నా లెక్క. పోటు నీళ్లకు తాకి, రెల్లు మీదుగా ఎగసి, పల్లపు నేల ఆకాశం ఒక్కటే ఇవ్వగల చల్లని, విశాలమైన, పక్షపాతం లేని కాంతి అది. స్తంభాలు దానిలో నిలబడవు, తేలుతాయి. అడుగు వేయడానికి సంకోచం కలుగుతుంది. ఆ కాంతిని ఎక్కడ తొక్కుతామో అని! కాసేపటికి మనమూ దానికి అలవాటు పడతాం. గొంతు తగ్గుతుంది, నడక తగ్గుతుంది.

ఇక తలెత్తండి.

కప్పు నిండా దేవదూతలు అని చెబితే అబద్ధమవుతుంది. నిండా లేరు. ఆ పొడవాటి కలప కప్పు వెన్నుబద్ద పొడుగునా, దూలం దూలానికీ నడుమన, వీపు వీపుకు ఆనించి, ఒకరు తూర్పుకూ ఒకరు పడమటికీ ముఖం పెట్టి, రెక్కలు బార్లా చాచి ఉన్నారు వాళ్లు. చేతుల్లో డాళ్లు, డాళ్ల మీద దాతల వంశచిహ్నాలు. దూలాల మీద, వాసాల మీద తెల్లని పూత. ఆ తెలుపు మీద ఎరుపూ పచ్చా పువ్వులు, యేసు నామాక్షరాలు. 15వ శతాబ్దంలో పూసిన ఆ రంగు మీద తరువాతి చేయి పడలేదు. మాసింది, రాలింది, అక్కడక్కడ కలప ఒంట్లోకే ఇంకిపోయింది. సంధ్య ఎరుపు వెళ్లిపోయాక మబ్బు అంచున ఇంకా మిగిలి ఉండే ఆ ఒక్క ఛాయ ఏదైతే ఉందో, అది ఉంది ఆ కప్పులో. ఆ ముఖాలు చూడండి. నవ్వు లేదు, కరుణ ఒలికించే ప్రయత్నం లేదు, మన వైపు చూపే లేదు. ఏటి గాలి తప్ప మరేదీ తగలని ఎత్తున, ఏదో ఒక పెద్ద వార్త మోసుకుపోతూ, దారిలో ఒక్క క్షణం రెక్క నిలిపిన ముఖాలవి. ఆ క్షణం ఆరు శతాబ్దాలుగా అలాగే సాగుతోంది. చెక్కినవాడి పేరు ఎక్కడా లేదు. ఓక్ కలపను అతను ఎంత బరువైనదో తెలిసి ఎంచుకున్నాడు, ఎంత బరువైనదో మనకు తెలియకుండా గాలిలో నిలబెట్టాడు. ఆ చేతికి మొక్కాలి!

కలప కప్పులో దేవదూతలను చెక్కి నిలపడం ఇంగ్లండు వారి సొంత సొగసు. అందులోనూ ముఖ్యంగా ఈ తూర్పు సీమది. 1390ల చివర్లో లండన్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ హాలుకు రెండో రిచర్డ్ రాజు కోసం హ్యూ హర్లాండ్ అనే వడ్రంగి మేస్త్రి వేసిన మహత్తరమైన కప్పులో దేవదూతలున్నారు. ఆ కలను పల్లెలు తమ ఇంటికి తెచ్చుకున్నాయి. కేంబ్రిడ్జ్‌షైర్‌లోని మార్చ్ అనే ఊళ్లో సెయింట్ వెండ్రెడా చర్చి కప్పులో వాళ్లు 100కు పైగా ఉన్నారు. వరస మీద వరస, రెక్క మీద రెక్క, కల్లోలంగా, కోలాహలంగా, చూసేవాడి ఊపిరి నొక్కేసేటంత మంది. అక్కడ నేను అబ్బురపడ్డాను, కాదనను. కానీ పూర్తిగా మైమరచింది ఇక్కడే. మార్చ్‌లో గాలికి చోటు లేదు. బ్లైత్‌బరోలో ఒక జంటకూ మరో జంటకూ నడుమ శిల్పి వదిలిన ఖాళీ ఉంది చూశారూ, ఎగిరేది ఆ ఖాళీయే. శాంతాన్ని రసాల్లో చేర్చాలా వద్దా అని మన ఆలంకారికులు తరాల తరబడి తగవులాడుకున్నారు. ఆ తగవు సాగుతుండగా ఎవరైనా వాళ్లను చేయిపట్టుకుని తెచ్చి ఈ కప్పు కింద కూర్చోబెట్టి ఉంటే బాగుండేది. వ్యాఖ్యానాలు కొన్ని తగ్గి ఉండేవి.

ఈ రెక్కలు ఇక్కడ మిగలడమే విచిత్రం. 1644 ఏప్రిల్‌లో విలియం డౌజింగ్ అనే ప్యూరిటన్ అధికారి ఇక్కడికి వచ్చాడు. బొమ్మలు లేని భక్తి కోసం పార్లమెంటు ఇచ్చిన ఆజ్ఞలు అమలు చేస్తూ తూర్పు సీమ చర్చిలెన్నో తిరిగి, ఎక్కడ ఏమి పగలగొట్టిందీ దినచర్య రాసుకున్న మనిషి. ఆ దినచర్యలో బ్లైత్‌బరో పద్దు ఉంది. కప్పు నుంచి 20 మంది దేవదూతలను దించాలి, మరో 200 పైచిలుకు బొమ్మలను 8 రోజుల్లో తొలగించాలి అని ఆజ్ఞ. గాజులు పోయాయి. రాతి గూళ్లలో పరిశుద్ధుల విగ్రహాలు లేవు. దేవదూతలు మాత్రం దిగలేదు. నిచ్చెన అందలేదో, మేస్త్రి రాలేదో, ఆజ్ఞ అందుకున్నవాడు తలెత్తి చూసి మనసు మార్చుకున్నాడో! వాళ్ల రెక్కల్లో సీసపు గుండ్లు దొరికితే, అవి డౌజింగ్ మనుషులు కాల్చినవేనని ఊరు చాలాకాలం చెప్పుకుంది. అసలు సంగతి మరింత తమాషాగా ఉంది. 18వ శతాబ్దపు చర్చి లెక్కల్లో తుపాకిమందుకూ గుండ్లకూ ఖర్చు రాసి ఉంది. కప్పులో గూళ్లు పెట్టిన జాక్‌డా కాకుల మీద కాల్చడానికి! దేవుడి శత్రువులు వదిలేసిన రెక్కలకు కాకుల వేటగాళ్లు తూట్లు పొడిచారు. చరిత్రకు ఉదాత్తత అంటే పెద్ద పట్టింపు లేదు.

ఇక్కడ ఒక మాట అనుకోవాలి. మనం ఇప్పుడు మురిసిపోతున్న ఈ చర్చి, కట్టినవాళ్లు కట్టిన చర్చి కాదు. వాళ్లది రంగుల ఇల్లు. కిటికీ కిటికీకీ కెంపు, నీలం, పసిడి. గోడల మీద బొమ్మలు. గూళ్లలో దుస్తులు కట్టిన పరిశుద్ధులు. దీపం, ధూపం, జేగంట. గ్లాస్టర్‌షైర్ వైపు ఫేర్‌ఫర్డ్ ఊరి సెయింట్ మేరీ చర్చిలో ఆ కాలపు రంగుగాజు 28 కిటికీల్లోనూ నిలిచి ఉంది. అక్కడ ఒక గంట గడిపి వస్తే బ్లైత్‌బరో ఏం పోగొట్టుకుందో తెలుస్తుంది. అక్కడ వెలుతురు కథ చెబుతుంది, ఇక్కడ వెలుతురు ఊరికే ఉంది. గాజు పగలగొట్టినవాడికి నేను కృతజ్ఞత చెప్పను, ఆ పని పాడు పని. అయినా ఈ తెల్లని నిండుతనాన్ని ఆస్వాదించడానికి సిగ్గుపడను కూడా. మేస్త్రి 36 కిటికీలు తెరిచాడు, విధ్వంసకుడు వాటి రంగు పీకేశాడు, పేదరికం మళ్లీ రంగు వేయనివ్వలేదు, బురదనేల తన ఆకాశాన్ని తెచ్చి నింపింది. ఏ ఒక్కరూ అనుకుని చేయని అందం ఇది. పాతదాన్ని మళ్లీ ఊహించుకుని ఇప్పటిదాన్ని తక్కువ చేసే పండితులు ఉంటారు. వాళ్ల పక్కన కూర్చుని నేను కప్పు చూడలేను.

మెడ నొప్పి పుట్టి ఉంటుంది. దించండి. దించితే ఎదురయ్యేది హాస్యం!

బల్లల కొసల మీద మూరెడు కూడా లేని కొయ్య మనుషులు కూర్చుని ఉన్నారు. ఏడు మహాపాపాలు కొన్ని, రుతువుల పనులు కొన్ని, దయాకార్యాలు కొన్ని. పైన ఉన్నవాళ్లు ఎంత అమానుషులో కింద ఉన్నవాళ్లు అంత మనవాళ్లు. లోభి డబ్బుపెట్టె మీదనే ఆసనం వేశాడు. లేస్తే ఎవరు ఎత్తుకుపోతారో! అపనిందల వాడికి నాలుక శిక్షగా మారింది. కపటి చేతులు జోడించాడు, ధ్యాస మాత్రం ఎక్కడో ఉంది. తిండిపోతు రెండో బంతిలో కూడా కూర్చుని లేవలేకపోతున్న పెళ్లివారి చుట్టంలా పొట్ట నిమురుకుంటున్నాడు. పంట కోసినవాడు పన కడుతున్నాడు. అన్నిటికన్నా నా ప్రాణం సోమరి. మంచం మీద, దుప్పటి తొలగించీ తొలగించకుండా, లేవాలన్న తలపు ఒకటి ఎక్కడో పుట్టి మెల్లగా ఒంట్లోకి దిగుతున్న ఆ ఘడియలో పట్టుకున్నాడు శిల్పి అతన్ని. అది పాపమని చెక్కినవాడికి తెలుసు. అది ఎంత హాయో అంతకన్నా బాగా తెలుసు! ఉపదేశం కోసం పిలిపించిన ఉలి ఉపదేశాన్ని పక్కన పెట్టి, మనిషిని చూసి ముచ్చటపడిన చోట్లన్నీ ఈ బల్లల మీద ఉన్నాయి. ముక్కులు అరిగాయి, చేతులు కొన్ని విరిగాయి. తరతరాల భక్తులు లేస్తూ కూర్చుంటూ ఆనిక కోసం పట్టుకున్నవి ఈ పాపాల తలలే. ఆ నునుపు ఏ చిత్రిక వల్లా రాదు.

వేదిక వైపు బల్లల ముందరి పలకల మీద అపొస్తలులు వరసగా నిలబడి ఉన్నారు, గంభీరంగా, చిన్న చిన్న రూపాల్లో. వాళ్ల నెత్తిన పిల్లలు చదువుకున్నారు. ఆ బల్లలు ఒకప్పుడు బడి బల్లలు కూడా అయ్యాయి. సిరాబుడ్ల కోసం కొట్టిన గుంటలున్నాయి. 1665లో డిర్క్ అనే డచ్చి కుర్రవాడు తన పేరు, సంవత్సరం చెక్కి పోయాడు. అపొస్తలులను చెక్కినవాడి పేరు మనకు తెలియదు, వాళ్ల తల మీద చాకు ఆడించిన అల్లరివాడి పేరు తెలుసు. అలాగే జరగాలి. ఆ దగ్గర్లోనే ఒక కొయ్య మనిషి గంటతో నిలబడి ఉన్నాడు. 1682 నాటి గడియారపు జాక్. ఒకప్పుడు గంటలు కొట్టి కాలం చెప్పేవాడు. ఇప్పుడు ప్రార్థన మొదలయ్యే వేళ మోగిస్తాడు. పక్క ఊరు సౌత్‌వోల్డ్ చర్చిలోనూ ఒక జాక్ ఉన్నాడు, కవచం తొడిగినవాడు. నాకు ఈ బ్లైత్‌బరో ముసలాడే చుట్టం.

ఉత్తరపు తలుపు గురించి చెప్పకపోతే ఊరివాళ్లు ఒప్పుకోరు. 1577 ఆగస్టు 4, ఆదివారం. ప్రార్థన సాగుతుండగా భయంకరమైన గాలివాన లేచింది. గోపురం మీది శిఖరం విరిగి కప్పును చీల్చుకుని చావడిలో పడింది. ఒక పెద్దవాడూ ఒక పిల్లవాడూ ప్రాణం విడిచారని ఆనాటి కథనం. అదే రోజు బంగే ఊరి చర్చిలోనూ పిడుగు పడింది. ఏబ్రహం ఫ్లెమింగ్ అనే రచయిత ఆ ఉత్పాతం మీద ఒక కరపత్రం అచ్చు వేస్తూ, నల్లకుక్క రూపంలో సైతానే చర్చిలో జొరబడ్డాడని రాశాడు. ఆ నల్లకుక్కే తరువాత బ్లాక్ షక్ అన్న పేరుతో తూర్పు సీమ భయాలన్నిటికీ యజమాని అయింది. తలుపు మీద కాలిన మచ్చలున్నాయి. అవి దాని గోళ్ల గుర్తులట. కొవ్వొత్తి మంటతో మనుషులే పెట్టిన గుర్తులని అనేవాళ్లూ ఉన్నారు. వచ్చినవాళ్లలో సగం మంది ముందు ఆ తలుపు దగ్గరికే పోయి, వేళ్లతో తడిమి, ఫొటో తీసుకుని, కప్పు వైపు చూడకుండానే వెళ్లిపోతారు. భయానకం చౌకగా దొరికే రసం, దాని మీద నాకు కోపం లేదు. కానీ తలుపును చివర్లో చూడండి.

శిఖరం మళ్లీ లేవలేదు. అసలు ఆ తరువాత ఇక్కడ ఏదీ గట్టిగా లేవలేదు. మఠం అంతకు ముందే, ఎనిమిదో హెన్రీ కాలంలో, మూతపడింది. ఏరు పూడింది, ఓడలు పెద్దవయ్యాయి, రేవు దిగజారింది. 1676లో మంటలు ఊరిని మింగాయి. ఊరు కుంచించుకుపోయింది, చర్చి కుంచించుకోవడం ఎలా? కిటికీలు కొన్ని ఇటుకతో పూడ్చారు. కప్పు కారింది. 19వ శతాబ్దంలో వానపడితే ఆరాధనకు వచ్చినవాళ్లు గొడుగులు వేసుకుని కూర్చునేవారట. దేవదూతల రెక్కల కింద గొడుగులు! నవ్వాలో ఏడవాలో తెలియని ఆ దృశ్యాన్ని ఎన్నిసార్లు ఊహించుకున్నా తనివి తీరదు నాకు. 1881లో కట్టడం ప్రమాదకరంగా ఉందని మూసేశారు. మరమ్మతుల తరువాత 1884లో తెరిచారు.

ఆ లేమి చేసిన మేలు చిన్నది కాదు. విక్టోరియా రాణి కాలంలో డబ్బున్న ఊళ్లన్నీ తమ చర్చిలను ‘బాగు చేసుకున్నాయి’. పాత పూతలు గీకి, పాత బల్లలు పారేసి, నిగనిగలాడే పలకలు పరిచి, కొత్త గాజుకు పాత రంగులు వేసి, నూరేళ్ల ముసలిముఖానికి వాసెలైను రాసినంత పని చేశాయి. ఆ వరసకు అడ్డుపడటానికే విలియం మారిస్, మిత్రులతో కలిసి, 1877లో ప్రాచీన కట్టడాల రక్షణ సంఘం పెట్టాడు. ఆ సంఘం చూపు బ్లైత్‌బరో మీదా పడింది. ఏది కొత్తగా చేయాలి, ఏది అలాగే ఉంచాలి అని వాదాలు జరిగాయి. వాదాల కన్నా ఖాళీ గల్లాపెట్టె బలమైనది. గోడ నిలబడటానికి కావలసినంత చేశారు, కారకుండా ఉండటానికి కావలసినంత చేశారు, అక్కడితో డబ్బు అయిపోయింది. అందుకే ఆ ఇటుక, ఆ సున్నం, ఆ మాసిన ఎరుపు, ఎవరి మెరుగూ సోకని ఆ పచ్చ మనకు దక్కాయి!

వెలుతురు గురించే ఇంతసేపూ చెప్పాను. నాదం గురించి కూడా ఒక్క మాట. కలప కప్పు కింద గొంతుకు రాతి కప్పు కింద ఉండే మోత ఉండదు. ఒక వెచ్చదనం ఉంటుంది, స్వరం విడిచాక కూడా కాసేపు పక్కన నిలబడుతుంది. దక్షిణాన కొన్ని మైళ్ల దూరంలోని ఆల్డ్‌బరా ఊళ్లో కాపురమున్న స్వరకర్త బెంజమిన్ బ్రిటన్‌కు ఈ సంగతి బాగా తెలుసు. ఆయన నడిపిన ఆల్డ్‌బరా ఉత్సవపు కచేరీలు ఇక్కడ జరుగుతూ ఉండేవి. 1969 జూన్ 7న, ఉత్సవం మొదలైన రాత్రే, స్నేప్‌లోని వాళ్ల కచేరీశాల కాలిపోయింది. కొత్తగా తీర్చుకున్న శాల, రెండేళ్ల పసిది. అందులో ఆడవలసిన మొట్జార్ట్ ఒపేరా ఇడొమెనియోను హడావిడిగా తెచ్చి ఈ చర్చిలో ప్రదర్శించారు. తుఫాను నుంచి బతికి బయటపడ్డ రాజు కథ, తుఫానుకు శిఖరం ఒప్పజెప్పిన చర్చిలో! ఆ జూన్ సాయంకాలం, ఇంగ్లండు వేసవి పొద్దు ఎంతకూ గుంకని ఆ సాయంకాలం, పడమటి కిటికీల నుంచి వెలుగు వాలుగా రెక్కల కిందికి జారుతుండగా, సముద్రదేవుడికి భయపడే బృందగానం లేచి కప్పును తాకి ఉంటుంది. ఆ సభలో నేను లేను. ఉన్నవాళ్లను చూసి అసూయపడతాను.

ఇంగ్లండులో మనవాళ్లు ఎందరో ఉన్నారు. సెలవు రోజుల్లో కోటలూ సరస్సులూ చూడబోతుంటారు. లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్లో రైలెక్కి ఇప్స్విచ్‌లో మారితే, సఫోక్ పొలాల మధ్య తాపీగా పోయే చిన్న రైలు హేల్స్‌వర్త్‌లో గానీ డార్షంలో గానీ దింపుతుంది. అక్కడి నుంచి కొన్ని మైళ్లే. చలికోటు తీసుకోండి, లోపల చల్లగా ఉంటుంది. దుర్భిణి ఉంటే మరీ మంచిది, రెక్కల మీద మిగిలిన పచ్చని దగ్గరగా చూడొచ్చు. ఎండ కాసే రోజే కావాలని పట్టుబట్టకండి. ఎక్కడ కూర్చోవాలని అడిగితే మాత్రం నా సలహా ఒకటే: మంచం దిగని ఆ సోమరి ఉన్న బల్ల వెతుక్కోండి. కప్పు చూడాలంటే వెనక్కి వాలి, కాళ్లు చాపి, గడియారం మరచి కూర్చోవాలి గదా, ఆ విద్యలో అతన్ని మించిన గురువు ఆ చర్చి మొత్తంలో లేడు.